బయటి గొళ్ళెం

ఆమెకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే. తను లోపల ఉండగా ఎవరో బయటినుంచి తలుపుకు గొళ్ళెం పెట్టి తాళం వేసుకుపోవడం. చీకటంటే భయం లేదు, బల్లులంటే లేదు, మెట్లమీద వెనకాల వినిపించే అడుగులంటే కూడా అంత లేదు. ఆసుపత్రి లాండ్రీలో నెత్తురు మరకల దుప్పట్లు చేత్తో ఎత్తి యంత్రంలో వేసే మనిషికి ఇంకా భయాలేమిటని తోటివాళ్ళు వేళాకోళం చేస్తారు. ఉంది, ఆ ఒక్కటి ఉంది. అందుకే మూడో అంతస్తులో, తను అద్దెకు తీసుకోబోయే ఖాళీ ఇంటి వెనక బాల్కనీలో నిలబడి, బట్టల తీగ చేతికి అందుతుందో లేదో మునివేళ్ళమీద లేచి చూసుకుంటున్నప్పుడు, ముందు గదిలో ఏజెంటు ఫోనులో ఎవరితోనో "ఆ, దార్లో ఉన్నా, దార్లోనే ఉన్నా" అనడం, తలుపు దగ్గరికి లాగడం, ఇనుము మీద ఇనుము పడటం, ఆ వెంటనే టక్కుమని చిన్న చప్పుడు, ఇవన్నీ వరసగా చెవిన పడ్డాక ఆ చివరి చప్పుడు ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పరిగెత్తుకొచ్చి లాగితే తలుపు వేలెడంత కదిలి ఆగింది. ఆ సందులోంచి మెట్ల వెలుతురు గీతలా కనిపించింది, ఆ గీతకు అడ్డంగా గొళ్ళెం. "ఏవండీ! ఏవండీ, నేను లోపలున్నా!" అని కేకేసింది. కింద స్కూటరు స్టార్టయింది, మలుపు తిరిగింది, వినిపించకుండా పోయింది.

ఫోను చేస్తే అవతలి మనిషి వేరే కాల్‌లో ఉన్నాడంది. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే మాట. అలాంటి మనిషి ఫోను ఖాళీగా ఎప్పుడుంటుంది, ఊళ్ళో ఖాళీగా ఉన్న ఇళ్ళన్నీ ఆయన నడుముకే వేలాడుతుంటే. ఆ తాళాల గుత్తితో ఆయన నడుస్తుంటే మెడలో గంట కట్టిన మేకపోతు నడిచినట్టుంటుంది, రెండు వీధుల అవతలినుంచే వస్తున్నాడని తెలుస్తుంది. పదిహేను నిమిషాల కింద ఆయనే తీసుకొచ్చాడు, ఆయనే తాళం తీశాడు, ఆయనే అన్నాడు, "మీరు ఇల్లంతా చూసుకోండమ్మా, నేను పక్క వీధికెళ్ళి ఓనరుగార్ని తీసుకొస్తా, కాయితాలు వంటగట్టు మీద పెట్టా, పెన్సిలు టిక్కులున్న చోటల్లా సంతకాలు పెట్టేయండి" అని. అంత మాట తన ముఖం చూసి చెప్పిన మనిషి, గుమ్మం దాటేలోపు తను ఉన్న సంగతే మరిచిపోయాడు. అలవాటు ప్రకారం చెయ్యి గొళ్ళెం మీదికి పోయింది, తాళం పడింది. దీన్ని మతిమరుపు అంటారా? జేబులో పర్సు మరిచిపోయాడా, స్కూటరు తాళం మరిచిపోయాడా? అవేవీ మరిచిపోలేదు. మనిషిని మరిచిపోయాడు. తను ఆ ఖాళీ ఇంట్లో ఒక మేకు లాంటిది కాబోలు, ఒక కుళాయి లాంటిది కాబోలు, ఇల్లు మూస్తే ఇంటితోపాటు మూతపడేది. ఒళ్ళు మండిపోయింది. వణుకు ఆ మంట కిందే ఉంది, దాన్ని తొక్కిపెట్టాలంటే మంటే కావాలి, అందుకని ఇంకా కోపం తెచ్చుకుంది.

రెండు ముప్పావు. పిల్లల బడి నాలుగింటికి మూస్తారు. నాలుగు దాటితే ఆయా పిల్లల్ని గేటు బయట మెట్టుమీద కూర్చోబెట్టి తన దారిన తను పోతుంది, ముఖం మీదే చెప్పింది, "నాకూ ఇల్లుంది కదమ్మా" అని. ఆమెను అనడానికేముంది, నిజమే. కాని తన కూతురు, ఆ పిడుగు, మెట్టుమీద కూర్చునే రకమా? నాలుగేళ్ళు నిండి రెండు నెలలైందో లేదో, పిల్లి కనిపిస్తే పిల్లి వెంట పోతుంది, బండి కనిపిస్తే బండి వెంట పోతుంది. ఇంకా గంటంబావు ఉంది, ఉంది, చాలా ఉంది అనుకుంటూ గది అడ్డంగా నడిచింది. ఏడడుగులు. నిలువునా తొమ్మిది. వంటగది నాలుగు. ఇల్లు బాగానే ఉంది, చిన్నదే కాని వెలుతురుంది, కిటికీ తలుపులు కిర్రుమంటున్నాయి, కాస్త నూనె పోస్తే సరిపోతుంది. ఈ మూల పరుపు, ఆ మూల పిడుగు బొమ్మల డబ్బా. ఆ గోడకు రంగు పెన్సిళ్ళతో అది ఏం గీసినా అనేవాళ్ళుండరు. ఇందాక ఈ ఇంటి గురించి ఎంత సంబరంగా వచ్చింది! డ్యూటీ దిగాక ముఖం కడుక్కుని, లాండ్రీ వాసన పోవాలని సబ్బు రెండుసార్లు రుద్దుకుని, ఉన్నవాటిలో మంచి దుస్తులు వేసుకుని. ఎందుకు? ఇందులో బందీగా నిలబడటానికి.

ఇంతకుముందు ఎన్ని ఇళ్ళు చూసింది, ఎన్ని గుమ్మాల ముందు ఎన్ని ప్రశ్నలు. మీ ఆయనేం చేస్తారు. ఎందుకు కలిసి ఉండట్లేదు. మళ్ళీ వస్తాడా. వస్తే గొడవవుతుందా. మీ అన్నదమ్ములెవరూ లేరా, పోనీ మీ బావగారి సంతకమైనా పెట్టిస్తావా. ఒక ఇల్లాలైతే, చెవులకు బరువైన దిద్దులు ఊగుతుంటే, ఎంతో ప్రేమగా అడిగింది: "ఒంటరి ఆడదానివి, రేపు నీకేదైనా అయితే?" అక్క కూడా అదే మాట. రెండున్నరేళ్ళుగా అక్క ఇంట్లో ముందు గదిలో కర్రకు వేలాడదీసిన పరదా వెనకాల పడుకుంటోంది, అక్క ఒక్క పూట కూడా మాట తూలలేదు, అది అబద్ధం కాదు. కాని అద్దె ఇల్లు అనగానే నోరు నొక్కుకుంది. "ఒక్కదానివే? పిల్లతోనా? రేపు నీకేదైనా అయితే నలుగురూ నన్నంటారే!" బావ పేపరు దించకుండానే అన్నాడు, "ఏమీ కాదులే, దాని గొంతుకి పై అంతస్తువాళ్ళే ఖాళీ చేసి పోతారు." అందరూ నవ్వారు, తనూ నవ్వింది. ఏదైనా అయితే! ఈ మాట అప్పుడెవరికీ ఎందుకు తట్టలేదు? అత్తారింట్లో నాలుగేళ్ళు, ప్రతి పగలూ, తనను లోపల పెట్టి బయట తాళం వేసినప్పుడు, రేపు దానికేదైనా అయితే అని అడిగినవాళ్ళు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఉన్నారా? అప్పుడు అది భద్రత. ఇప్పుడు తనే లోపలినుంచి గడియ వేసుకుంటానంటే అది ప్రమాదం. ఏ నోటితో అంటారో, ఏ నాలుకతో అంటారో.

ఆ ఇంట్లో తాళం వేయడం పళ్ళు తోముకోవడం లాంటిది, ఎవరూ ఆలోచించి చేసేది కాదు. మామగారు, అత్తగారు, పెద్దకొడుకు, చిన్నకొడుకు, నలుగురూ అద్దాల కొట్టుకి పోతారు. గాజు పలకలు కొలిచి కోసి, చట్రాలు బిగించి ఇచ్చే కొట్టు. తొమ్మిదింటికి తాళం పడుతుంది. ఒంటిగంటకు తెరుచుకుంటుంది, వేడిగా వడ్డించాలి, వేళ్ళలో గాజు ముక్కలు గుచ్చుకున్నాయేమో సూది పెట్టి తీయాలి. రెండింటికి మళ్ళీ పడుతుంది. ఎనిమిదింటికి తెరుచుకుంటుంది. పెళ్ళయి వచ్చిన మూడోనాడు మొదటిసారి ఆ టక్కు విని, పొరపాటున వేశారనుకుని, తలుపు బాదింది. మెట్లమీంచి అత్తగారి గొంతు ఎంతో నెమ్మదిగా వచ్చింది, "పొరపాటు కాదమ్మా, నీ మంచికే. మా అత్తగారు నన్నూ ఇలాగే చూసుకుంది." ఆ చూసుకుంది అన్న మాట! అద్దాల కొట్టులో అద్దాన్ని గోనెసంచి చుట్టి చూసుకున్నట్టు. రాత్రి భర్తను అడిగితే తెల్లమొహం వేశాడు. నిజంగానే వేశాడు, నటన కాదు, అతనికి ఆ ప్రశ్న అర్థమే కాలేదు. "బయట నీకేం పని?" అన్నాడు. పని లేకపోతే తలుపు అక్కర్లేదా? అతనికి జవాబు చెప్పడానికి అప్పుడు మాటలు కుదరలేదు, పద్దెనిమిదేళ్ళు. ఇప్పుడు కుదురుతున్నాయి, ఇప్పుడు వరదలా వస్తున్నాయి, వినడానికి నాలుగు గోడలు తప్ప ఎవరున్నారు.

ఆ రోజు గురించి ఆలోచించకూడదు. ఆలోచించకూడదని ఎంత అనుకుంటే అంత ముందుకొచ్చి నిలబడుతుంది. పిడుగుకి అప్పుడు ఏడాదిన్నర, పొద్దున్నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది. అత్తగారికి చెబితే నుదుటిమీద చెయ్యి వేసి చూసి, "పళ్ళొస్తున్నాయిలే" అని తాళం వేసి వెళ్ళింది. అయిదు దాటాక ఒళ్ళు కాలిపోయింది. ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డ వేస్తుంటే, ఉన్నట్టుండి ఆ చిన్ని ఒళ్ళు కర్రలా బిగుసుకుంది, కళ్ళు పైకి తేలిపోయాయి, పెదాలు నీలంగా, చేతులు టపటపా కొట్టుకుంటూ. తలుపు దగ్గరికెత్తుకెళ్ళింది, తలుపు ఎక్కడికి పోతుంది, తాళం ఎక్కడికి పోతుంది. ఫోను తనకు ఇవ్వలేదు. వంటింటి కిటికీ ఊచలు పట్టుకుని గొంతు పోయేదాకా అరిచింది. ఆ సమయానికే నీళ్ళ డబ్బాలవాడు మెట్లెక్కి వచ్చాడు, ఆ అడుగులు విని దేవుడొచ్చాడనుకుంది, తలుపు మీద రెండు చేతులతో కొట్టబోయేలోపు అతను కిందికి చూసి ఎవరితోనో అన్నాడు, "తాళమేసుందన్నా, ఎవరూ లేరు," అని దిగి వెళ్ళిపోయాడు. పిల్ల నోట్లో నురగ తుడుస్తూ ఆ మాట విన్నది. ఎవరూ లేరు. ఇద్దరు మనుషులు ఉన్నారు, ఎవరూ లేరు. ఎనిమిదింటి దాకా ఇంకా రెండున్నర గంటలు. కొట్టుకోవడం ఆగాక పిల్లే మెల్లగా ఊపిరి సర్దుకుని నిద్రపోయింది, అది నిద్రో ఇంకేదో తెలియక ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంది. ఎనిమిదింటికి తాళం తీసిన అత్తగారు అంతా విని, చెప్పులు విడుస్తూ అన్నది మూడే మూడు మాటలు. "ఇప్పుడేం కాలేదుగా?" ఆ మాట! దాన్ని ఏ సబ్బుతో ఉతికినా పోదు. ఏం కాలేదుగా. మూడు వారాల తర్వాత, గాజు లారీ వచ్చిందని అందరూ కిందికి పరిగెత్తినప్పుడు తలుపు తెరిచే ఉండిపోయింది. పిల్లను చంకనేసుకుని, తొమ్మిదో తరగతి మార్కుల కాయితం జాకెట్లో దోపుకుని నడిచి వచ్చేసింది. ఎవరూ ఆపలేదు. పలకలు పగలకుండా దించే హడావిడి అది, చూసేదెవరు?

ఫోను మోగింది. ఏజెంటే. "అమ్మా, ఓనరుగారు భోంచేసి పడుకున్నారు, లేపడం బాగోదు, ఇంకో అరగంట," అన్నాడు. "మీరు తాళం వేసుకుపోయారు!" అంది. "ఏంటమ్మా? సిగ్నలు సరిగా..." అని అక్కడే తెగిపోయింది. తిరిగి చేస్తే మళ్ళీ వేరే కాల్. అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్దమనిషి నిద్ర చెడగొట్టడం బాగోదు. మనిషిని పెట్టెలో పెట్టి మూత వేయడం బాగుంటుంది. నడిచి నడిచి వంటగట్టు దగ్గర ఆగిపోయింది, అక్కడ ఆ కాయితాలున్నాయి. నాలుగు పేజీలు, మూలల్లో పెన్సిలు టిక్కులు. అంతకుముందు చదవబోతే ఏజెంటు నవ్వాడు, "చదవడమెందుకమ్మా, అందరికీ ఒకటే కాయితం, టైపు చేయించి పెట్టుకుంటాం." అంటే చదవలేవులే అని. తొమ్మిదో తరగతిలో లెక్కల్లో క్లాసుకి మొదటిది, ఆ సంగతి ఆయనకెవరు చెబుతారు. పదిలో చేరాల్సిన జూన్‌లో నాన్నకు నడుము పడిపోయింది, అమ్మకు తోడుగా బట్టల మిషను ముందు కూర్చోబెట్టారు, ఆ మరుసటేడు పెళ్ళి మాటలు. మధ్యలో ఆగిపోయిన చదువు మనిషిని వదలదు, ఎక్కడ అక్షరాలు కనిపించినా ఆకలిగా చూస్తుంది. సరే, తాళం వేశాడు కదా, వేరే పనేం లేదు కదా. చదువుతాను అనుకుంది. నేలమీద బాసింపట్టు వేసుకుని, ప్రతి మాట కింద వేలు పెట్టి చదివింది.

సదరు అద్దెదారు. సదరు యజమాని. సదరు గృహము. మనుషులకు ఇంత బరువైన మాటలెందుకో, వార్డులో ముసలాళ్ళ మీద మూడేసి దుప్పట్లు కప్పినట్టు. మేకులు కొట్టరాదు, సరే. కుక్కలను పెంచరాదు, సరే, పిడుగు ఉంది చాలు. మూడో పేజీ పదకొండో అంశం దగ్గర వేలు ఆగింది. "సదరు గృహము యొక్క మూడు తాళపుచెవులలో ఒకటి యజమాని వద్దనే యుండును. యజమాని ముందుగా తెలియజేయకుండగనే ఎప్పుడైనను సదరు గృహమును తెరచి తనిఖీ చేసుకొనవచ్చును. అద్దెదారు తాళము మార్చరాదు." మళ్ళీ చదివింది. మూడోసారి పైకి చదివింది, ఖాళీ గదిలో తన గొంతు తనకే పంతులమ్మ గొంతులా వినిపించింది. ఎప్పుడైనను! తను స్నానం చేస్తున్నప్పుడైనను, పిల్లను నిద్రపుచ్చుతున్నప్పుడైనను. అంటే ఆ ఇంట్లో బయటికి పోనివ్వని తాళం, ఈ ఇంట్లో లోపలికి రానిచ్చే తాళం, చెవి మాత్రం ఎప్పుడూ ఇంకొకళ్ళ జేబులో. టిక్కు పెట్టిన చోట సంతకం పెట్టేసి ఉంటే? ఆయన తాళం వేసుకుపోకపోతే, పక్కనే నిలబడి త్వరగా కానివ్వమ్మా అని తొందర చేస్తే, పెట్టేసేదే కదా.

లాండ్రీలో ఒక పద్ధతుంది. ఏ వార్డుకి ఎన్ని దుప్పట్లు పోయాయో రాసే పుస్తకంలో తప్పు పడితే చెరపకూడదు, గీకకూడదు. కొట్టివేసిన అంకె కనిపించేలా ఒకే ఒక్క గీత గీసి, ఆ గీత పక్కనే కొట్టివేసినవాళ్ళు సంతకం చేయాలి. సంతకం లేని కొట్టివేత చెల్లదు, సంతకం ఉన్నదాన్ని సూపర్‌వైజరైనా మార్చలేడు. అది నేర్పింది తన జోడీ, దుప్పటికి అవతలి కొసలు పట్టుకునే ముప్పై ఏళ్ళ అనుభవస్తురాలు. "గీత గీసి ఊరుకుంటే ఎవరో గీశారంటారే, పేరు రాస్తే నువ్వు గీశావంటారు" అంటుంది. పెన్ను తీసింది. పదకొండో అంశం మీద ఒక గీత, నిటారుగా, స్కేలు లేకుండానే. పక్కన సంతకం, పూర్తి పేరు, అక్షరం అక్షరం. కలవరం కాస్త తగ్గింది. మూడున్నర.

మూడున్నర! ఆ మొదటి కేక తర్వాత మళ్ళీ అరవకూడదనే పంతం పట్టింది. ఇల్లు చేరకముందే అరిచే మనిషని పేరు పడితే ఓనరు ఇస్తాడా? ఆ రోజు వంటింటి కిటికీలోంచి అరిస్తే వీధివాళ్ళు తర్వాత ఏమన్నారు, "పిల్లకేదో అయిందట" అన్నారా? "ఎంత గొంతే దానిది" అన్నారు. కాని ఇంక పంతాలకు వేళ లేదు. మెట్లమీద చెప్పుల చప్పుడు వినిపించగానే రెండు చేతులతో తలుపు కొట్టింది. చెప్పులు ఆగాయి.

"ఎవరూ?" ఆడ గొంతు, వయసు మళ్ళినది, ఎదురింటి గుమ్మం దగ్గరినుంచి. "తాళమేసుంది కదా! లోపలెవరు?"

"ఇల్లు చూసుకోవడానికొచ్చానండీ, ఏజెంటుగారు మరిచిపోయి తాళం వేసుకెళ్ళారు."

"దొంగవి కాదు కదా?"

"దొంగనైతే లోపలుండి బయట తాళం ఎలా వేసుకుంటానండీ?"

ఆ లాజిక్కు ఆవిడ నములుతున్నట్టుంది. తర్వాత తలుపు సందులో ఒక కన్ను కనిపించింది, కళ్ళజోడు అద్దం వెనకాల పెద్దదిగా. "అయ్యో, బంగారం లాంటి పిల్లని! ఆ తాళాలోడు పోయిన నెల పెయింటరుని కూడా ఇట్టాగే బిగించి పోయాడు. సాయంత్రం దాకా వాడు ఇల్లంతా రంగు రెండు కోట్లు వేసేశాడు పాపం, ఏం తోచక." నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి, రెండూ కలిసి వచ్చాయి. "నాలుగింటికి మా పాప బడి మూస్తారండీ" అంది. "ఉండు, వాడి సంగతి నేను చూస్తా. నా ఫోనెత్తకపోతే వాడికి ఈ బిల్డింగులో కమిషనుండదు." ఆవిడ లోపలికెళ్ళింది, గట్టిగా ఎవరినో కడిగేయడం వినిపించింది, మళ్ళీ వచ్చింది. కుర్చీ ఈడ్చిన చప్పుడు. "వస్తున్నాడు. నేనిక్కడే కూర్చుంటా, భయపడకు. కావాలంటే తిట్టుకో, నేనేం అనుకోను, ఎవర్ని తిట్టినా సరే." ఆమె తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. అవతల ఒక మనిషి ఉంది. తాళం అదే, గొళ్ళెం అదే, ఊపిరి మాత్రం ఆడుతోంది. ఆ రోజు మెట్లమీద ఒక్కళ్ళు, ఒక్కళ్ళు ఇలా కూర్చుని ఉంటే.

ఏజెంటు గుత్తి మోగించుకుంటూ వచ్చాడు, వెనకాలే నిద్ర ముఖంతో ఇంటాయన. తాళం తీస్తూనే, "అలవాటమ్మా, చెయ్యి దానంతటదే పోతుంది, సారీ, ఇప్పుడేం కాలేదుగా?" అన్నాడు. అవే మాటలు. ఇంకెక్కడో, ఇంకెవరి నోటినుంచో, అవే మూడు మాటలు. ఎదురింటావిడ ఏదో అనబోయింది, ఆమె చెయ్యెత్తి ఆపింది. కాయితాలు ఇంటాయన చేతిలో పెట్టింది. ఆయన మూడో పేజీ దగ్గర కళ్ళు చిట్లించాడు.

"ఈ గీతేంటి?"

"అది నాకు కుదరదండీ. మూడు తాళపుచెవులూ నాకే ఇవ్వండి."

"ఒకటి నా దగ్గరుంటే నీకే మంచిదమ్మా. ఒంటరిదానివి, రేపు లోపల కళ్ళు తిరిగి పడిపోయినా..."

"పడిపోతే ఎవరొస్తారో ఇవాళ చూశాం కదండీ. మీరు నిద్రలో ఉన్నారు. ఈవిడ కుర్చీ వేసుకుని కూర్చుంది."

ఇంటాయన ముఖం ముడుచుకుంది, ఇల్లు పోయిందనే అనుకుంది ఆమె, పోతే పోనీ అనుకుంది, అలా అనుకోగలిగినందుకు తనకే ఆశ్చర్యం వేసింది. అందుకే ఇంకో మాట కూడా అనేసింది. "ఆ బయటి గొళ్ళెం ఊడదీయించండి. తలుపుకు మామూలు తాళం ఉంది, అది లోపలినుంచి తిప్పితే తెరుచుకుంటుంది, అది చాలు." ఆయన నవ్వాడు, "గొళ్ళెం నిన్నేం చేసిందమ్మా?" అని. చెప్పాలని అనుకోలేదు, వచ్చేసింది. "మా పాపకి ఫిట్సొచ్చినప్పుడు ఇలాంటి గొళ్ళెం వెనకాల రెండున్నర గంటలున్నానండీ." ఇంటాయన ఆ గొళ్ళేన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు, గొణుక్కున్నాడు, చెక్క పాడవుతుందన్నాడు, రంధ్రాలు నువ్వే పూడ్పించుకోవాలన్నాడు, గీత పక్కన తన సంతకమూ విసురుగా గీకాడు. ఎదురింటావిడ స్క్రూడ్రైవరు తెచ్చింది, "మా ఆయన పోయాడు కాని ఆయన సామాను పోలేదు" అంటూ. నాలుగు స్క్రూలు. తుప్పు పట్టి ఉన్నాయి, ఏజెంటుకి చెమటలు పట్టాయి, పట్టనీ. ఊడివచ్చిన గొళ్ళేన్ని అరచేతిలో పెట్టుకుని, "దీన్నేం చేయమంటారు?" అన్నాడు. నాలుగుకి పది నిమిషాలు. మూడు చెవులు పిడికిట్లో బిగించి మెట్లు దిగుతోంది. దీన్నేం చేయమంటారు, దీన్నేం చేయమంటారు. ఒక తలుపుది ఊడింది, సరే. రెండో మెట్ల మలుపులో కాలు ఆగిపోయింది.

మొన్న అక్క కూరగాయల సంచి దించుతూ ఏదో అంది. "మీ అత్తారింటి మీదుగా వచ్చానే ఇవాళ. కొత్త కోడల్ని చూద్దామని మెట్లెక్కితే పట్టపగలే తాళమేసుంది. ఎవరూ లేనట్టున్నారు." అప్పుడు తను ఏజెంటు మెసేజి చూసుకుంటోంది, ఊఁ అంది. ఊఁ అని ఊరుకుంది! మరిదికి పెళ్ళయి నాలుగు నెలలు. ఆ పిల్లకు పందొమ్మిదట, ఫోటోలో బుగ్గల పిల్ల, పళ్ళు కనిపించేలా నవ్వుతోంది. నలుగురూ కొట్టులో ఉంటే ఆ తాళం వెనక ఎవరుంటారు? ఎవరూ లేనట్టున్నారు అన్న ఆ మాట, ఆ నీళ్ళ డబ్బాలవాడి మాట, తనను నిలువునా కాల్చిన మాట, తన అక్క నోటినుంచి వస్తే తనకే వినిపించలేదు. రెండున్నరేళ్ళుగా తన కోపమంతా తనకోసమే దాచుకుంది. మెట్లమీద నిలబడే ఫోను తీసి అత్తగారి నంబరు కలిపింది. ఎత్తారు, వెనకాల గాజు కోసే వజ్రపు ములికి గీసిన చప్పుడు, "ఎవరూ?" "మీ చిన్నకోడలికి ఒకసారి ఇవ్వండి" అంది. "ఇంట్లో ఉంది" అన్నారు, పెట్టేశారు. కొట్టులో ఫోను. ఇంట్లో ఆ పిల్ల.

పిడుగు మెట్టుమీద కూర్చుని ఉంది, పిల్లి వెంట పోలేదు, దాని చెయ్యి దొరికింది, ఆ సంగతి చెప్పకపోతే మీకూ మనసాగదు. రేపు డ్యూటీ దిగగానే ఆమె అక్కడికి వెళ్తుంది, అక్కనూ ఎదురింటావిడనూ తోడు తీసుకుని, అది ఖాయం. కాని డ్యూటీ దిగేది రెండింటికి. తాళం పడేది తొమ్మిదింటికి. ఆ మధ్య వేళలో మీలో ఎవరికైనా అటు పని పడితే, ఆసుపత్రి వెనక గేటునుంచి రెండో సందు, కింద అద్దాల గోడౌను, పైన రెండో అంతస్తు, వంటింటి కిటికీకి పచ్చరంగు ఊచలు. ఏదో అడ్రసు అడగడానికి వచ్చినట్టే మెట్లెక్కండి. తాళం కనిపిస్తుంది. తాళముంది కదా, ఎవరూ లేరులే అని దిగిపోకండి. తలుపు తట్టండి, "అమ్మాయ్, లోపలున్నావా, బాగున్నావా?" అని గట్టిగా అడగండి. ఆ పిల్లకు మొదట గొంతు రాకపోవచ్చు. జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చోండి.